“నెలాగితే నువ్వెక్కడుంటావమ్మా?”

రెండేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో కాకినాడ జగన్నాథపురంలో ఒక ఇడ్లీ బండి దగ్గర కూర్చుని ఒక ప్రశ్న అడిగాను. బండి మా వీధి పిన్నిగారిదే. ఉదయం పది దాటింది, జనం పలచబడ్డారు. ఆవిడ ఇడ్లీ రేకులు తోముతున్నారు. నా ఒళ్ళో అట్టకి బిగించిన ఫారాలు.

“పిన్నిగారూ, ఇవాళే వెయ్యి రూపాయలిస్తే తీసుకుంటారా, నెలాగితే 1,200 ఇస్తానంటే ఆగుతారా?”

“ఇవాళే ఇచ్చెయ్యమ్మా.”

“పోనీ 1,500 అయితే?”

“ఇవాళే.”

“రెండు వేలు?”

చేతిలో రేకు పక్కన పెట్టి నా వంక చూశారు. “నెలాగితే నువ్వెక్కడుంటావమ్మా?”

నేను నవ్వేసి, ఆవిడ వరసలో ‘1’ అని వేసుకున్నాను. మా కోడింగులో 1 అంటే ఓపిక లేని మనిషి. రేపటి పెద్ద మొత్తం కన్నా ఇవాళ్టి చిన్న మొత్తానికే మొగ్గే మనిషి. ఆ వేసవిలో నలభై మందిని అడిగితే సగానికి పైగా ఒకట్లే వచ్చాయి. పేదవాళ్ళు రేపటి గురించి ఆలోచించరు అన్నట్టుగా ఒక గ్రాఫు గీసి, రిపోర్టు రాసి ఇచ్చాను. మంచి మార్కులే పడ్డాయి.

ఆ ఒకటి తప్పు. ఎంత తప్పో తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది. మా డిగ్రీలో ఏ పరీక్షా, ఏ పాఠమూ దాన్ని పట్టుకోలేదు. ఇదంతా రాస్తున్నది అందుకే.

నేను చదివేది బిహేవియరల్ సైన్స్. నాలుగేళ్ళ డిగ్రీ, మన రాష్ట్రాలకు దూరంగా ఉన్న ఓ ప్రైవేటు విశ్వవిద్యాలయంలో, సగం స్కాలర్‌షిప్పుతో. ఇంటర్ ఎంపీసీ చదివి, ఎంసెట్ ర్యాంకు చేతిలో పెట్టుకుని ఇంజనీరింగు వద్దన్నాను. ఆ పదిహేను రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో తెలుగువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. “అంటే పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా?” అన్నారు మావయ్య. కాదు. క్లినికల్ సైకాలజీ దారి వేరు, దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపున్న చదువు చదవాలి. మాది మామూలు మనుషులు మామూలు రోజుల్లో తీసుకునే నిర్ణయాల గురించి: బిడ్డకి టీకా వేయించడానికి ఈ వారం వెళ్ళాలా వచ్చే వారమా, జీతం రాగానే ఎంత పక్కన పెట్టాలి, హెల్మెట్ కొని కూడా బండి అద్దానికి తగిలించి ఎందుకు తిరుగుతాం. సగం సైకాలజీ, సగం ఎకనామిక్స్, రెంటినీ కలిపి కుట్టేది స్టాటిస్టిక్స్.

మొదటి ఏడు నన్ను కట్టిపడేసింది. ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1981లో వేసిన ఒక ప్రశ్న ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతుంటుంది. ఒక జబ్బుకి 600 మంది బలయ్యేలా ఉన్నారు. మొదటి పథకంతో 200 మంది ఖాయంగా బతుకుతారు. రెండో పథకంతో మూడింట ఒక వంతు అవకాశం అందరూ బతకడానికి, రెండు వంతులు ఒక్కరూ బతక్కపోవడానికి. 72 శాతం మంది మొదటిదే కావాలన్నారు. అదే పథకాన్ని ‘400 మంది చనిపోతారు’ అని తిప్పి చెబితే, కావాలన్నవాళ్ళు 22 శాతానికి పడిపోయారు. లెక్క అదే, మాట ఒక్కటే మారింది. ఆ రాత్రి హాస్టల్లో ఆ ప్రశ్నని తెలుగులో రాసుకుని అమ్మకి ఫోను చేసి చదివి వినిపించాను. “ఎవరా 600 మంది? మనవాళ్ళున్నారా అందులో?” అంది. జవాబు చెప్పమ్మా అంటే, అది చెప్పకుండా ఎలా చెబుతానంది. అప్పుడు విసుక్కున్నాను.

మా ప్రయోగాలన్నీ మా మీదే జరిగేవి. సీనియర్ల ప్రయోగంలో ఒక గంట కూర్చుంటే కోర్సులో కాసిన్ని మార్కులు కలుస్తాయి. వచ్చే ఏడు జూనియర్లు మా ప్రయోగంలో కూర్చుంటారు. అందరం ఇంగ్లిష్ మీడియమే, చాలామంది నగరాల్లో పెద్ద బళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. నెలాఖరున గ్యాసు బండ అయిపోతే ఏం చెయ్యాలని ఎప్పుడైనా ఆలోచించాల్సి వచ్చినవాళ్ళు మాలో ముగ్గురో నలుగురో. 2010లో జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు కలిసి రాసిన పెద్ద పత్రం మాకు పాఠం. ప్రధాన సైకాలజీ పత్రికల్లోని పరిశోధనల్లో పాల్గొన్న మనుషుల్లో 96 శాతం, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య సంపన్న దేశాలవాళ్ళని అందులో ఉంది. ఉదయం ఆ అంకెని నోట్సులో రాసుకున్నాం. మధ్యాహ్నం మళ్ళీ అదే ల్యాబు, అవే ముఖాలు.

హెన్రిక్ బృందమే 2001లో చిన్న చిన్న సమాజాలు పదిహేనింటిలో ఒక ఆట ఆడించిన ఫలితాలు ప్రకటించింది. ఒకరికి కొంత డబ్బిస్తారు, అందులో రెండోవారికి ఎంతివ్వాలో మొదటివారు చెప్పాలి. రెండోవారు వద్దంటే ఇద్దరికీ ఏమీ రాదు. మా క్లాసులో ఆడితే దాదాపు అందరూ సగం సగం అన్నారు. పెరూ అడవుల్లోని మాచిగెంగా జనం సగటున 26 శాతమే ఇవ్వజూపారు. ఇండోనేసియాలో తిమింగలాలు వేటాడే లామలేరా జనం సగటున 58 శాతం, అంటే సగం కన్నా ఎక్కువే ఇస్తామన్నారు. ఎవరి ఇంటి పంట వాళ్ళే పండించుకునే చోట ఒక జవాబు, పడవలో అందరూ కలిసి తెడ్డు వేస్తేనే తిండి దొరికే చోట ఇంకో జవాబు. జవాబు మనిషి లోపల్నుంచే కాదు, బతుకుతెరువు లోంచి కూడా వస్తుంది. ఈ పాఠం చదివి పరీక్ష రాసి వెళ్ళినదాన్నే, పిన్నిగారి పక్కన ‘1’ వేశాను.

ఆ మరుసటి సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మ నన్ను చీటీ పాటకి వెంట తీసుకెళ్ళింది. 20 మంది, నెలకి 5,000, లక్ష రూపాయల చీటీ. మొదటి నెల పాట ఉండదు, చీటీ నడిపేవారే తీసుకుంటారు. రెండో నెల నుంచి పాట. అవసరం ఉన్నవాళ్ళు లక్షలో ఎంత వదులుకుంటారో పైకి చెప్పాలి, ఎక్కువ వదులుకున్నవాళ్ళకి ఆ నెల డబ్బు. వరండాలో చాప పరిచారు. “పది” అన్నారొకరు. “పన్నెండు.” “పదిహేను.” కాసేపు నిశ్శబ్దం. గోడకి ఆనుకుని కూర్చున్న ఒకావిడ ఒక్కసారే “ఇరవై నాలుగు” అన్నారు. కొడుకు కాలేజీ ఫీజుకి ఆ వారమే గడువట. ఇంకెవరూ నోరెత్తలేదు. పోటీకి దిగి ఆవిడ చేత ఇంకా వదిలించగలిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, కానీ ఆగారు. ఆవిడ చేతికి 76,000. వదులుకున్న 24,000 ఇరవై మందికీ పంచితే తలా 1,200, అంటే ఆ నెల అందరూ కట్టాల్సింది 3,800. కాగితం కలం లేకుండా అరనిమిషంలో తేల్చేశారు. “నూటికి అయిదు వడ్డీకి తెచ్చేకన్నా నయమే” అంది అమ్మ నా చెవిలో.

పిన్నిగారు ఓ మూల కూర్చుని ఉన్నారు. పాట మొత్తంలో ఒక్క మాట అనలేదు. బయటికొచ్చాక అడిగాను, మీరెప్పుడు పాడతారండీ అని.

“నేను పాడను. ఆఖరిది నాది. పోయిన చీటీలోనూ ఆఖరిదే.”

“ముందు తీసుకోవచ్చుగా?”

“ముందు తీసుకుంటే ఇంట్లో నిలవదమ్మా. మా పిల్ల నర్సింగు రెండో ఏడు ఫీజు కట్టేనాటికి నా చేతికి రావాలి, అంతే.”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై నెలలు, నెల తప్పకుండా కట్టి, అందరూ పాడుకుని వెళ్ళిపోయాక చివరి నెల నిండు లక్ష తీసుకునే మనిషి. ఆవిడకి రేపటి మీద ఆలోచన లేదని నేను రాసి, మార్కులు తెచ్చుకున్నాను. ఆవిడ చేస్తున్నదానికి మా పుస్తకాల్లో గొప్ప పేరే ఉంది: కమిట్‌మెంట్ డివైస్. తన చేతిని తానే కట్టేసుకునే ఏర్పాటు. నావా అష్రఫ్, డీన్ కార్లాన్, వెస్లీ యిన్ ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకుతో కలిసి, అనుకున్న గడువుకో మొత్తానికో చేరేదాకా డబ్బు తీయడానికి వీల్లేని ఖాతాని 710 మందికి చూపితే 202 మంది తీసుకున్నారు. 2006లో వచ్చిన ఆ పత్రం మాకు తప్పనిసరి పాఠం. పిన్నిగారికి అది చెబితే మన చీటీయే కదా అనేవారు.

మరి వెయ్యి రూపాయల ప్రశ్నకి అలా ఎందుకు చెప్పారు? ఆవిడే చెప్పారు, నేను వినలేదు. నెలాగితే నేను కాకినాడలో ఉండనని ఆవిడకి తెలుసు. ఓపిక గురించి అడిగానని నేననుకున్నాను, ఆవిడ నా మీద నమ్మకం ఎంతో చెప్పారు. చీటీ నడిపే మనిషి ఇల్లు ఆవిడకి తెలుసు, వాళ్ళ అమ్మ తెలుసు, ఇరవై నెలలాగినా ఆ గుమ్మం అక్కడే ఉంటుందని తెలుసు.

ఇది పరిశోధకులకి తెలియని చిక్కేమీ కాదు. రెండు మొత్తాల్లో ఏదీ ఇవాళ ఇవ్వకుండా, ఒకటి వారానికి, ఇంకోటి అయిదు వారాలకి ఇస్తామని అడిగే పద్ధతి ఉంది; అప్పుడు రెండింటికీ అడిగేవాళ్ళని నమ్మాల్సిందే. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేసి 2013లో ప్రకటించిన, 28 మంది చిన్నపిల్లల మీది ప్రయోగం నాకు మరీ ఇష్టం. ఆగితే రెండో మిఠాయి ఇస్తామనే పాత పరీక్షే అది. కానీ దానికి ముందు, కొందరు పిల్లలకి బొమ్మలేసే మంచి సామాను తెస్తామని చెప్పి తెచ్చారు, కొందరికి చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ళని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ళని చూసిన పిల్లలు మూడు నిమిషాలే. ఓపిక అని మనం కొలిచేదాంట్లో ఎదుటివాడి మాట మీద లెక్క ఎంతుందో ఆ పిల్లలు చూపించారు. ఈ పత్రం మా లైబ్రరీలో ఉంది, మా సిలబస్‌లో లేదు.

వెతుకుతూ పోతే మన నేల మీద జరిగిందే ఒకటి దొరికింది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకి వాన బీమా అమ్మకానికి పెట్టారు. వర్షపు కొలతలో వాన ఇంతకన్నా తగ్గితే ఇంత డబ్బు, పంట ఎలా పండినా సరే. తర్వాత అనంతపురానికీ విస్తరించారు. సిద్ధాంతం ప్రకారం, నష్టమంటే ఎక్కువ భయపడేవాళ్ళే బీమా ఎగబడి కొనాలి. జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ విక్రీ ఊళ్ళు తిరిగి సర్వే చేస్తే తలకిందులైంది: భయపడేవాళ్ళే తక్కువ కొన్నారు. ఇక్కడ ‘రైతుకి అర్థం కాలేదు’ అని రాసేసి ఊరుకోవచ్చు. వాళ్ళు ఊరుకోలేదు. అమ్మే సంస్థతో ముందునుంచీ పరిచయమున్నవాళ్ళు ఎక్కువ కొన్నారని చూశారు. ఆ తర్వాతి ప్రయోగాల్లో, ఊరికి నమ్మకమైన మనిషి వెంట వచ్చి పరవాలేదు, వీళ్ళు మనకి తెలిసినవాళ్ళే అని చెబితే కొనేవాళ్ళు పెరిగారు. భయస్థుడైన రైతుకి వాన ఒక్కటే ప్రమాదం కాదు, ముందు డబ్బు కట్టించుకుని రేపు కనబడకుండా పోయే కంపెనీ కూడా ప్రమాదమే. అనంతపురం రైతూ జగన్నాథపురం పిన్నిగారూ ఒకే మాట అన్నారు.

ఇక లైబ్రరీలో నాకు ఒళ్ళు జలదరించిన సంగతి. 1969లో అచ్చయిన ఓ పాత పుస్తకం తిరగేస్తుంటే ‘కాకినాడ’ అన్న మాట కనబడింది. ఒకసారి కాదు, పేజీ పేజీకీ. హార్వర్డ్ సైకాలజిస్టు డేవిడ్ మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్‌తో కలిసి రాసింది. 1964లో కాకినాడ వ్యాపారస్తుల్ని జట్లు జట్లుగా హైదరాబాదు తీసుకెళ్ళి, యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈగా పిలిచే అప్పటి సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో పదేసి రోజులు శిక్షణ ఇచ్చారు. బొమ్మ చూపించి కథ రాయమనేవారు, ఆ కథలో సాధించాలన్న తపన ఎంతుందో చూసేవారు. రింగులు విసిరే ఆట ఆడించేవారు, మేకుకి ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా, కష్టపడితే పడేంత దూరం ఎంచుకోవడం నేర్పడం ఉద్దేశం. శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారస్తులతో పోల్చి చూస్తే, తిరిగొచ్చిన కాకినాడ వాళ్ళు కొత్త పనుల్లోకి ఎక్కువగా దిగారు. పాత నమ్మకాలు, కులం, ఆచారాలు మనవాళ్ళని వెనక్కి లాగుతాయని అప్పట్లో చాలామంది పెద్దలు రాస్తుండేవారు. కాకినాడలో ఆ మాట నిలబడలేదు. సంప్రదాయాలు పట్టుకున్నవాళ్ళూ మిగతావాళ్ళలాగే ముందుకెళ్ళారు.

ఆ ప్రయోగంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఆడవాళ్ళు లేరు, చీటీలు నడిపేవాళ్ళు వాళ్ళ దృష్టిలో వ్యాపారస్తులే కారు. అయినా మా మెయిన్ రోడ్డు మనుషుల మీద, నేను పుట్టక ముందు, ప్రపంచమంతా చదివిన పరిశోధన జరిగింది. నేను కాకినాడ అమ్మాయినని తెలిసిన మా డిపార్టుమెంటులో ఎవరూ మూడేళ్ళలో ఆ మాట ఎత్తలేదు. వాళ్ళకీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు.

మూడో ఏడు ప్రాజెక్టుకి నేనో ప్రతిపాదన పెట్టాను: చీటీల్లో ఎవరు ఎన్నో నెలలో పాడతారు, ఎందుకు, తెలుగులో మాట్లాడి తెలుసుకుంటానని. కమిటీ రెండు అభ్యంతరాలు చెప్పింది. వాడే స్కేలు, అంటే జవాబుల్ని అంకెల్లో కొలిచే ప్రశ్నల జాబితా, ఇంతకుముందు పరీక్షించి నెగ్గినదై ఉండాలి, తెలుగులో అలాంటిది లేదు. రికార్డింగులు తెలుగులో ఉంటే మూల్యాంకనం చేసేవాళ్ళు లేరు. ఇంగ్లిష్ ఫారంతో క్యాంపస్‌లోనే చెయ్యమన్నారు. చేశాను. మార్కులొచ్చాయి. ఆ ప్రాజెక్టుని ఇంతవరకు అమ్మకి చూపించలేదు.

స్కేళ్ళ సంగతి వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ అసలు చిక్కు అక్కడే. ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కొంతవరకు ఏకీభవిస్తున్నాను’ అని అయిదు గళ్ళు ఇస్తారు. మా వీధిలో ఏకీభవించడం అన్న మాట ఎవరి నోటా రాదు. “ప్రభుత్వాసుపత్రి సేవలతో సంతృప్తిగా ఉన్నారా?” అంటే వచ్చే జవాబు “పర్లేదమ్మా”. ఆ పర్లేదు గొంతుని బట్టి రెండో గడి కావచ్చు, నాలుగో గడి కావచ్చు. మా అమ్మమ్మ పర్లేదంటే చాలా బాగుందని. మా నాన్నగారు పర్లేదంటే ఇంక ఆ మాట ఎత్తొద్దని. ఈ తేడా పట్టుకునే స్కేలు తయారుచెయ్యడం పరిశోధనే. అనువాదం చేసి, ఇంకొకరి చేత వెనక్కి అనువదింపజేసి, వందమందితో మాట్లాడి, మళ్ళీ మార్చి. డిగ్రీ పిల్లలు చెయ్యగలిగిన పని, చెయ్యాల్సిన పని. తెలుగులో లేదు కాబట్టి వద్దనేకన్నా, లేదు కాబట్టే ముందు అది చెయ్యండి అనాలి.

నాకు ఎదురు చెప్పేవాళ్ళ మాటలో బలముంది. ఈ శాస్త్రం ఇప్పటికే దెబ్బ తిని ఉంది. 2015లో వంద సైకాలజీ ప్రయోగాలు మళ్ళీ చేసి చూస్తే, మొదట వాటిలో 97 శాతం గట్టి ఫలితాలు చూపితే, రెండోసారి 36 శాతమే చూపాయి. ఫారం కింద కాకుండా పైనే సంతకం పెట్టిస్తే నిజాలు రాస్తారన్న 2012 నాటి పత్రంలో ఒక ప్రయోగం డేటా కల్పితమని తేలి, 2021లో ఆ పత్రాన్నే వెనక్కి తీసుకున్నారు. ఇలాంటప్పుడు పిల్లలకి ముందు కొలతలు పక్కాగా నేర్పాలి, ఊళ్ళు తిరగడం తర్వాత అంటారు. కానీ పిన్నిగారి దగ్గర నా స్టాటిస్టిక్స్‌లో తప్పు లేదు. లెక్క సరిగ్గా చేశాను, కొలిచిందే వేరు. అది మనిషి ఎదురుగా కూర్చుంటే తప్ప తెలిసే తప్పు కాదు.

ఖర్చు అంటారు. ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు తెచ్చాయి. మిగతా చాలా రాష్ట్రాల్లో అంతకు ముందే ఉన్నాయి. ఈ విశ్వవిద్యాలయాలు తమ సిలబస్ తామే రాసుకోగలవు. గాజు గోడల ల్యాబుకి డబ్బున్న చోట ఒక సెమిస్టరు బస్సు చార్జీలకి ఉండదా? ప్రతి విద్యార్థీ ఒక సెమిస్టరు తన సొంత భాషలో, తన ఊరో పక్క ఊరో వెళ్ళి, అరవై డెబ్బై గంటలు మనుషులతో కూర్చోవాలి. ఆ రికార్డింగులు వినడానికి ఆ భాష వచ్చిన పరీక్షకుల్ని పిలవాలి. ఉస్మానియాలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా సైకాలజీ చెబుతున్న తెలుగు మాస్టార్లున్నారు. పిలిస్తే రారా? నేనడిగేది ఇంతే.

ఇంకొకటి కూడా అడగాలి. మా ప్రయోగాల్లో సరిదిద్దాల్సిన మనిషి ఎప్పుడూ మాకన్నా పేదవాడే ఎందుకవుతాడు? 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు, ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచేటప్పుడు జరిగిన పరిశోధన చూడండి. కార్తీక్ మురళీధరన్ బృందం రైతుల్ని మార్చబోలేదు. రైతులకి ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతామని కొన్ని మండలాల వ్యవసాయాధికారులకి ముందే చెప్పారు. ఆ మండలాల్లో చెక్కులు కాస్త ఎక్కువమందికి, కాస్త ముందుగా అందాయి. ఖర్చయింది ఫోన్ కాల్స్‌కే. ఆ కాల్స్‌లో అడిగింది రైతు ఎలా ఆలోచిస్తాడని కాదు, నీకు అందిందా అని. డిగ్రీలో నాకు ఇలాంటి ప్రశ్న వెయ్యడం నేర్పి ఉంటే, ఆ వేసవి నలభై ఫారాలు ఇంకోలా ఉండేవి.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. అదే బండి, కొత్త రేకులు. ఫారాలు లేవు, ఫోన్లో రికార్డరు ఒక్కటే, ఆవిడని అడిగే నొక్కాను. రెండేళ్ళ క్రితం వెయ్యి రూపాయల సంగతి అడిగాను, గుర్తుందా పిన్నిగారూ అన్నాను.

“ఎందుకు లేదు? ఆ డబ్బు ఎవరిచ్చేవారమ్మా?”

“ఎవరూ ఇవ్వరండీ. ఊరికే అడిగాను.”

“అదీ. ఊరికే అడిగావు, ఊరికే చెప్పాను.” పళ్ళెంలో రెండిడ్లీలు పెట్టి, చట్నీ పోసి నా చేతికిచ్చారు. పక్కనున్న స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. “ఇప్పుడడుగు.”